కొసరు గొట్టం

నలభై ఏళ్ళ మెకానిక్ పనిలో ఇంజనుకు గ్యారంటీ ఇచ్చినవాళ్ళను చూశాను, గేరుబాక్సుకు ఇచ్చినవాళ్ళను చూశాను. ఒక మనిషి ముక్కుకు గ్యారంటీ ఇచ్చినవాడు మాత్రం ఖమ్మం నుంచి భద్రాచలం దాకా నేనొక్కణ్ణే. ఆ గ్యారంటీ కూడా ఉత్త నోటిమాట కాదు. కారులో కూర్చున్న ఆమెకు పెట్రోలు వాసన రాకపోతే గుత్త డబ్బులు నాకు. వస్తే చేసిన పని, వేసిన సామాను అంతా దానం కింద లెక్క. ఇంత తెలివైన బేరం మా వంశంలో ఎవరూ చేయలేదని ఆ రోజు మీసం దువ్వుకున్నాను.

మాది మామూలు వంశం కాదు. తాతది కిరాణా దుకాణం, నాన్నది కిరాణా దుకాణం, ఇద్దరన్నలు ఇప్పటికీ అదే గల్లీలో ఎదురెదురుగా కూర్చుని ఒకరి గిరాకీని ఒకరు లాక్కుంటున్నారు. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకన్నా ముందు కొసరు అడగడం నేర్పుతారు. కిలో పప్పు తూచాక పైన వేయించుకునే గుప్పెడు, కూర కొన్నాక సంచిలో పడేయించుకునే కరివేపాకు రెబ్బ. కొసరు అడగనివాడికి కొనడం రాదని నాన్న తీర్పు. నేను తరాజు వదిలి పానా పట్టుకున్నా ఆ చదువు మాత్రం చేతిలోనే ఉండిపోయింది. దవాఖానాలో సూది వేయించుకుని ఇంకొక దూది ముక్క అడిగినవాణ్ణి నేను. ఇప్పుడు షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు ఆ కారు కథ చెప్పడానికి సిగ్గు కొంత తగ్గింది.

షెడ్డు మూయడానికి ఇంకా ఏడాది ఉందనగా ఒక పొద్దున గేటు ముందు ఎర్రటి కారు ఆగింది. కారు కన్నా ముందు వాసన లోపలికి వచ్చింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, నేలకు జానెడు ఎత్తు. ఎక్కడో పరదేశంలో పందేల కోసం చేసిన పాత బండి. దాన్నుంచి దిగడానికి ఒక పెద్దమనిషి ముందు చేతులు నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ళు లాక్కుని, మూడో విడతలో నిలబడ్డాడు. కొత్తగూడెం బొగ్గు గనిలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వచ్చిన పైసల్లో ఇల్లు రిపేరుకు కొంత తీసి, మిగిలినదానిలో ఈ కారును హైదరాబాదులో కొన్నాడట.

"ఎందుకన్నా ఈ వయసుల?" అని అడిగాను. బేరానికి ముందు గిరాకీ మనసు తెలుసుకోవాలి కదా.

"ముప్పై ఏండ్లు భూమి కింద పని చేసిన ఉస్తాద్. పొద్దుగాల షిఫ్టుకు దిగితే పొద్దుగూకినంక పైకొచ్చేది. నౌకరీల కొత్తగ చేరినప్పుడు ఒక ఆఫీసరు గిసుంటి టాప్ లేని కారుల గని కాడికొచ్చిండు. నెత్తి మీద ఆకాశం పెట్టుకోని తిరుగుతున్నడు, ఏం మనిషిరా అనుకున్న. అప్పటిసంది మనసుల ఉండిపోయింది."

ఆ మాటతో నాకు అర్థమైంది, ఈయనతో బేరం నల్లేరు మీద బండి నడక అని. నలభై వేలన్నా తలూపుతాడు. సరిగ్గా అప్పుడే కారు రెండో వైపు నుంచి ఆయన భార్య దిగింది. ముక్కుకు చీర కొంగు, చేతిలో సగం కోసిన నిమ్మకాయ.

"అన్నా, దీన్ని బాగు చేస్తవా, లేకుంటే కాట పెట్టి అమ్ముమంటవా?" అంది. "హైదరాబాద్ సంది తెచ్చిన్నాడు మురిసి ఎక్కిన. ఏన్కూరు రాకముందే కక్కుకున్న. ఆ చీర మూడుసార్లు పిండిన, ఇప్పటికీ పెట్రోలు బంకు లెక్కనే ఉంది."

కారును ర్యాంపు మీదికి ఎక్కించి కింద దూరాను. ట్యాంకు సీట్ల వెనక ఉంది, ఇంజను ముందుంది. ఆ రెంటినీ కలిపే ఇనుప గొట్టం పొడుగునా తుప్పు పట్టి పొలుసులు లేస్తోంది. అతుకుల దగ్గర వేసిన రబ్బరు గొట్టాలు ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళిచ్చాయి. వేలితో నొక్కితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. ఆ కాలపు రబ్బరు ఇప్పటి పెట్రోలుకు తట్టుకోదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ఒక చోట చుక్క చుక్కగా కారుతోంది. ఆ చుక్క పడుతున్న చోటికి బెత్తెడు దూరంలో పొగ గొట్టం.

బయటికొచ్చి ఆయనతో అన్నాను: "నువ్వు హైదరాబాద్ సంది కారుల రాలేదన్నా. చిచ్చుబుడ్డి మీద కూసోని వచ్చినవ్."

ఆయన మొహం వాడిపోయింది. ఆమె మొహం వెలిగింది. "విన్నవా? పెనుబల్లి కాడ పామాయిల్ తోటున్న ఆసామి ఒకాయన అడుగుతుండు. ఇప్పుడిస్తే ఇప్పుడు పట్టుకపోతడు."

ఇక అసలు సంగతి నెమ్మదిగా బయటపడింది. ఆమె పుట్టిల్లు చర్ల దాటాక ఒక ఊరు. కారు కొన్న సంగతి తెలిసి ఆమె అన్న ఫోనులో నవ్వాడట: ఆ డబ్బా మా వాకిట్లోకి వస్తే నా మీసం తీసేస్తానని. ఈయన పంతం పట్టాడు. ఆమె ఒకే ఒక్క అవకాశం ఇచ్చింది. మిరప కోతలప్పుడు ఎలాగూ పుట్టింటికి పోవాలి. ఈ కారులోనే వస్తుంది. దారిలో వాసన రాకపోతే కారు ఉంటుంది. వస్తే పెనుబల్లి ఆసామికి పోతుంది. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన కారు తలుపు మీద చెయ్యి తీయలేదు. తప్పిపోయి దొరికిన మేకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

నేను నలభై వేలన్నాను. ఆమె నవ్వి పదిహేను అంది. ఆ నవ్వు విన్నప్పుడే అనుమానం రావాల్సింది. ఇరవై ఏళ్ళు కార్మికుల కాలనీలో కిరాణా దుకాణం నడిపిన మనిషని తర్వాత తెలిసింది. నేను ముప్పై రెండుకు దిగాను, ఆమె పదిహేడుకు ఎక్కింది. నేను పానా కింద పెట్టాను, ఆమె కారెక్కడానికి లేచింది. ఒక గంట అలా గడిచింది. మధ్యలో ఆయన "పోనీ" అన్నప్పుడల్లా మేమిద్దరం ఒకేసారి ఆయన్ని కసిరి కూర్చోబెట్టాం. చివరికి ఇరవై నాలుగు వేల దగ్గర ముడిపడింది. అప్పుడు ఆమె మెల్లగా అంది:

"సరే అన్నా. కానీ పైసలు ఈడ ఇయ్య. మా అన్న వాకిట్ల ఇస్త. వాసన రాకుంటేనే ఇస్త. వస్తే ఒక్క రూపాయి కూడ లేదు."

పౌరుషం పొడుచుకొచ్చింది. "అట్లనే చెల్లె. మీ వెనకనే నా వ్యానుల వస్త. మీ ముక్కుకు నాది గ్యారంటీ" అన్నాను.

ఈ మాట విని నా వెనక ఎవరో దగ్గారు. అది మా వైరింగ్ ఆయన. ఇరవై ఐదేళ్ళు నా షెడ్డులో సగం భాగం ఆయనది. నేను గొట్టాలు చూస్తే ఆయన తీగలు చూసేవాడు. పెట్రోలు పని జరిగేటప్పుడు ముందు వచ్చి బ్యాటరీ వైరు ఊడదీసి జేబులో పెట్టుకుని, తర్వాత రోడ్డవతల చాయ దుకాణంలో కూర్చునేవాడు. "నా వైర్లల్ల నిప్పుంటది, నీ పైపులల్ల పెట్రోలుంటది. మనిద్దరికి పొత్తు కుదుర్తది గాని వాటికి కుదరదు" అనేవాడు. నన్ను సేటు అని పిలిచేవాడు, మర్యాదకు కాదు.

"సేటు, ఇంజను బాగు చేసుడు నేర్చినం. ముక్కు బాగు చేసుడు ఏడ నేర్చినవ్?" అన్నాడు వాళ్ళు వెళ్ళాక.

పని మంచిగానే మొదలుపెట్టాను. ఆ మాట దాచను. ట్యాంకు ఖాళీ చేసి దింపి కడిగాం. ఇనుప గొట్టాన్ని వంపులు చెడకుండా ఊడదీసి, లేత్ దుకాణంలో ఇచ్చి, అదే కొలతకు కొత్తది వంపించాను. అలాంటి గొట్టాన్ని చేత్తో వంచితే మడత దగ్గర నలుగుతుంది, నలిగినచోట రేపెప్పుడో చిట్లుతుంది. మీలో ఎవరైనా మోకాలికి ఆనించి వంచే అలవాటుంటే ఇవాళే మానుకోండి. పాత పళ్ళ క్లిప్పులు రబ్బరును కోస్తాయని అంచు మడిచిన కొత్త క్లిప్పులు తెచ్చాను. ఇంత జాగ్రత్త పడ్డవాణ్ణి రబ్బరు గొట్టం కొనడానికి వెళ్ళి మా నాన్న కొడుకునైపోయాను.

స్పేర్ పార్టుల దుకాణం ఆయన చిన్నప్పటి నుంచి తెలిసినవాడే. ఇథనాలుకు తట్టుకునే మంచి గొట్టం, పైన అచ్చు రాత ఉన్నది, మీటరు లెక్కన బేరమాడి ఆయన మొహం గంటు పెట్టించాను. కోసి చుట్ట చుట్టి ఇచ్చాక చెయ్యి చాచాను.

"ఏంది?" అన్నాడు.

"కొసరు."

"బంగారం అసుంటి గొట్టం ఈ ధరకిస్తే కొసరేంది? గిది కందిపప్పా?"

"దుకాణం దుకాణమే, పప్పైతేంది, పైపైతేంది."

ఆయన విసుక్కుని గల్లా కింద చెయ్యి పెట్టి, దుమ్ముకొట్టుకున్న నల్ల గొట్టం ఒకటి లాగి, అడుగు ముక్క కోసి నా మీద పడేశాడు. "తీస్కో. ఇగ మల్ల నా మొహం చూడకు."

దాని మీద ఏ రాతా లేదు. నేను సంతోషంగా సంచిలో వేసుకున్నాను.

ఆ కారు ట్యాంకుకు పైన ఒక సన్న గొట్టం ఉంటుంది. ట్యాంకు లోపలి ఆవిరి బయటికి పోవడానికి. సీట్ల వెనక, తివాచీ పలక కింద ఉంటుంది. ఎవరికీ కనపడదు. అక్కడ సరిగ్గా అడుగు గొట్టం పడుతుంది. చేతిలో మంచి గొట్టం ఉంది, కొసరు గొట్టం ఉంది. నా బుర్ర దుకాణంలా పని చేసింది: దీంట్లో పెట్రోలు పోదు, ఆవిరే కదా పోయేది. ఆవిరికి అంత ఖరీదైన గొట్టం ఎందుకు. కొసరు ముక్క అక్కడ బిగిస్తే అడుగు మంచి గొట్టం మిగులుతుంది. మిగిలినదాన్ని ఏం చేశానో కూడా చెబుతాను. నా వ్యానుకు పెట్రోలు గొట్టం పాతబడింది. దానికి బిగించుకున్నాను.

వైరింగ్ ఆయన బ్యాటరీ తగిలించడానికి వచ్చి ఆ నల్ల ముక్కను చూశాడు. "దీని మీద రాత లేదు సేటు."

"గాలి పోయే గొట్టానికి రాతెందుకు?"

"అవ్ మరి. గాలిని కూడ నువ్వు కాటా పెట్టే కొంటవు" అని పోయాడు.

ఖమ్మం రోడ్ల మీద ట్రయలు నడిపాం. నేను వాసన చూశాను, ఆయన చూశాడు, గేటు బయట ఇస్త్రీ బండి ఆవిడను కూడా పిలిచి చూపించాం. వాసన లేదు. కారు కొత్తగూడెం వెళ్ళిపోయింది. మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఫోను వచ్చింది: రేపు పొద్దున బయలుదేరుతున్నామని.

ఆ ప్రయాణం సగం దాకా నా జీవితంలో అంత హాయిగా గడిచిన పూట లేదు. ముందు ఎర్రటి కారు, వెనక నా వ్యాను, పక్కన నోరు ఊరుకోని మా వైరింగ్ ఆయన. పాల్వంచలో కారు చుట్టూ జనం మూగారు. భద్రాచలం బ్రిడ్జి మీద పెద్దమనిషి కారు నెమ్మది చేసి, తల పైకెత్తి ఆకాశం చూస్తూ పోయాడు; ఆమె ఆయన గడ్డం పట్టుకుని రోడ్డు వైపు తిప్పింది. అవతలికి చేరాక బంకులో ఆగారు. ఆమె ఒకసారి ముక్కు ఎగబీల్చి నావైపు చూసి "ఇప్పటిదాకైతే మంచిగనే ఉంది అన్నా" అంది. ఆ మాట విన్న ఆనందంలో ఆయన బంకు పిల్లకు "నిండుగ కొట్టు" అని చెప్పాడు.

ఆ మాట వినగానే నాకొక సంగతి గుర్తొచ్చింది. ట్రయలు నడిపినప్పుడు ట్యాంకులో పావు వంతు పెట్రోలు కూడా లేదు. గుత్త పనిలో గిరాకీ బండికి మన పైసలతో పెట్రోలు పోయించే అలవాటు మా వంశంలో లేదు మరి. నిండు ట్యాంకు ఎండకు పొంగుతుంది. గుంతల్లో ఎగిరిపడుతుంది. అప్పుడు పై గొట్టంలోకి పోయేది ఆవిరి కాదు.

"ఏంది సేటు, చెమట పడ్తున్నది?" అన్నాడు వైరింగ్ ఆయన.

"ఎండ."

"పొద్దున తొమ్మిదింటికా?"

దుమ్ముగూడెం దాటింది. రోడ్డు చెడింది, అడవి దగ్గరపడింది. కారు ప్రతి గుంతలో దిగి ఎక్కుతుంటే నా గుండె దానితోపాటే దిగి ఎక్కింది. బండి కదులుతున్నంతసేపు గాలికి ఏమీ తెలియదు. ఆగితేనే ప్రమాదం. ఆగకుండా పోతే బాగుండునని ఎంతమంది దేవుళ్ళకు చెప్పుకున్నానో. చర్లకు ముందు పోలీసు చెక్‌పోస్టు దగ్గర అడ్డకర్ర దించి ఉంది.

డ్యూటీలో ఉన్న జవాన్లు అలాంటి కారును ఎప్పుడూ చూడలేదు. కాగితాలు అడగడం మరిచి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన నోట్లో బీడీ పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. నేను వ్యాను దిగి పరుగెత్తుతున్నాను. నేను చేరేలోపే కారులోంచి ఆమె గొంతు వినపడింది, ఎవరినీ తిట్టకుండా, చాలా మామూలుగా:

"వచ్చింది."

జవాను చేతిలో అగ్గిపెట్టె లాక్కున్నాను. లాక్కున్నాకే అది పోలీసు చేతిలోదని గుర్తొచ్చింది. ఆయన నా మొహం చూసి, కారు చూసి, వాసన పట్టి, తానే అందరినీ రోడ్డవతలికి తోలాడు. వైరింగ్ ఆయన అప్పటికే బ్యాటరీ వైరు ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

కారు ఆసామి మాత్రం దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "దిగన్నా" అంటే, "ఇంకొక్క నిమిషం కూసుంట ఉస్తాద్. ఇగ ఎట్లనో పెనుబల్లికి పోయేదే కదా" అన్నాడు. నలభై ఏళ్ళలో గిరాకీలు నన్ను తిట్టారు, కొట్టడానికొచ్చారు. ఏదీ ఇంతగా తగల్లేదు.

ఆయన్ని చెయ్యి పట్టుకుని దింపి, తివాచీ పలక ఎత్తాను. కొసరు ముక్క నానిన అటుకులా ఉబ్బి మెత్తబడి ఉంది. క్లిప్పు దగ్గర జారి, అంచు నుంచి పెట్రోలు చెమ్మగా దిగుతోంది. మిగతా గొట్టాలన్నీ పొడిగా, కొత్తగా, అద్దంలా ఉన్నాయి. ముందు సన్న పైపుతో ట్యాంకులో పెట్రోలు కొంత డబ్బాలోకి దింపి, ఆ ముక్కను ఊడబెరికాను. అబద్ధం అప్పటికే నోట్లో తయారుగా ఉంది: రోడ్డు బాగాలేదు, అదురుకు ఊడింది. చెప్పడానికి తల ఎత్తేసరికి ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"తక్కిన గొట్టాల మీద రాతుంది. దీని మీద లేదు."

నేను క్లిప్పును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

"ఇది కొసరు ముక్కనా అన్నా?"

ఆ ప్రశ్న అడగగలిగే మనిషి ఆ అడవిలో నాకు ఎదురవుతుందని ఎవరనుకుంటారు. "అవ్ చెల్లె" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. "ఇరవై ఏండ్లు దుకాణం నడిపిన. కొసరు అడిగినోళ్ళకు పుచ్చు పప్పు ఏసేదాన్ని. ఎవరు తింటున్నరో, ఎట్ల తింటున్నరో అనుకునేదాన్ని. నా కొసరు నాకే తిరిగొచ్చింది."

"ఆమె దుకాణంల పప్పు నేనూ తిన్న" అన్నాడు ఆయన నీరసంగా. "ఇంట్ల వండింది కూడ గదే."

నవ్వు సరే, గొట్టం ఏది. అడుగు మంచి గొట్టం కావాలి. ముందు చర్ల, వెనక భద్రాచలం, మధ్యలో అడవి. వైరింగ్ ఆయన నా వ్యాను వైపు చూశాడు. నేను చూడనట్టు చెట్ల వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని అందరికీ వినపడేట్టు అన్నాడు: "సేటు, వీళ్ళ మంచి గొట్టం ఒక అడుగు మన వ్యానుల ఉండాలె కదా?"

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. వ్యాను ముందుభాగం ఎత్తి, నేనే స్వయంగా మురిసిపోతూ బిగించుకున్న గొట్టాన్ని నేనే ఊడదీశాను. ఎర్రటి కారుకు ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగించి, కారిందంతా తుడిచి, ఆరేదాకా ఆగి, వైరు తగిలించాం. కారు ఊపిరి పీల్చుకున్నట్టు స్టార్టయింది. నా వ్యాను అక్కడే చెట్టుకింద గడ్డి తినని ఎద్దులా నిలబడిపోయింది.

అప్పుడు బేరం రెండో విడత మొదలైంది, నడిరోడ్డు మీద, జవాన్లు చుట్టూ నిలబడి చాయ తాగుతుండగా.

"వాసనొస్తే రూపాయి లేదన్న" అంది ఆమె.

"పైసలు మీ అన్న వాకిట్ల అన్నవ్. ముక్కు పరీక్ష కూడ ఆడనే" అన్నాను.

"దారిల రావద్దన్న."

"ఇంక దారి అయిపోలే కదా చెల్లె."

ఇద్దరం బీడీ జవాను వైపు తిరిగాం. ఆయన గంభీరంగా ఆలోచించి, "తప్పు చేసిండు, ఒప్పుకున్నడు, తన బండి కోసిచ్చిండు. కొంత కోసుకోని ఇయ్యుండ్రి" అన్నాడు. ఆమె ఐదు వేలు కోస్తానంది. నేను వెయ్యి అన్నాను. అలవాటు చొప్పున ఇంకా లాగేవాణ్ణే, కానీ కారులో కూర్చున్న ఆయన మళ్ళీ స్టీరింగు మీద చేతులు పెట్టి మా ఇద్దరినీ బడిపిల్లాడిలా చూస్తున్నాడు. మూడు వేలకు ఒప్పుకున్నాను. మిగిలిందైనా ఊరు చేరాక వాసన రాకపోతేనే.

వాళ్ళు ముందు పోయారు. మేమిద్దరం మిరప బస్తాలతో వస్తున్న ట్రాలీ ఆటో ఎక్కాం. బస్తాల మీద కూర్చుని తుమ్ముతూ, కళ్ళు కారుస్తూ ఊరు చేరాం. దిగి చూస్తే ఆమె అన్నగారి కళ్ళమంతా ఎర్రగా ఎండుమిరప. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఘాటులో ఏ ముక్కు పని చేస్తుంది. ఆ సంతోషం నా మొహంలో చదివినట్టుంది ఆమె. కారును మిరప కళ్ళానికి దూరంగా, గాలి ఎదురుగా వచ్చే చోట పెట్టించింది. ఇంజను ఆపించింది. సీట్ల వెనక వంగి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నిలబడింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. వాకిట్లో పెద్ద మీసంతో ఆమె అన్న. వాళ్ళ పనివాళ్ళు. వాళ్ళకు ఏం జరుగుతోందో తెలియకపోయినా వాళ్ళూ ఊపిరి బిగబట్టారు.

ఆమె లేచి భర్త వైపు చూసింది. "పెనుబల్లి ఆసామికి ఫోన్ చెయ్యి. కారు లేదని చెప్పు."

ఆయన తల పైకెత్తి కాసేపు ఆకాశం చూశాడు. అంతే. మీసం సంగతి అడిగితే ఆమె అన్న, తాను డబ్బా అన్నాడు గాని కారు అనలేదని వాదించాడు. చివరికి చెల్లెలు కత్తెర తెచ్చి రెండు వైపులా గోరంత కత్తిరించింది.

సాయంత్రం ఆమె డబ్బు లెక్కబెట్టి ఇచ్చింది. ఆ తర్వాత ఒక మిరప సంచి నా ముందు పెట్టింది. "పది కిలోలుంటయి. కొసరు" అంది. మా వైరింగ్ ఆయన దగ్గాడు.

ఇంటికి తెచ్చి ఆ సంచిని గచ్చు మీద బోర్లించాను. దుకాణంవాడి కొడుకుని కదా, కింద తాలు కాయలు ఎన్ని కలిపిందో చూడాలి. అడుగు దాకా వెతికాను. ఒక్క తాలు కాయ లేదు.

బిల్లు ఇది. కారు ఆసామికి ఇచ్చింది కాదు, నాకు నేను వేసుకున్నది. గుత్త ఇరవై నాలుగు వేలు. అందులో సామాను పన్నెండు వేల ఆరువందలు, లేత్ పని పద్నాలుగు వందలు, వైరింగ్ ఆయన వాటా నాలుగు వేలు, వ్యాను పెట్రోలు తొమ్మిది వందలు. మిగలాల్సింది ఐదు వేల నూరు. ఇక కొసరు గొట్టం ఖర్చు: ఆమె కోసుకున్నది మూడు వేలు, వ్యానును చర్ల దాకా గుంజిన ట్రాక్టరుకు పన్నెండు వందలు, చర్లలో కొత్త గొట్టం, క్లిప్పులు మూడు వందల యాభై, మిరప ఆటో కిరాయి రెండు వందలు, చెక్‌పోస్టు దగ్గర అందరికీ చాయలు నూట యాభై. ఉచితంగా వచ్చిన అడుగు గొట్టం ఖరీదు నాలుగు వేల తొమ్మిది వందలు. చేతిలో మిగిలింది రెండు వందలు.

మిరపకాయలు ఈ లెక్కలో కలపలేదు. అవి కొసరు.